రెండు పిన్నులా, ఒక్కటా?

చిన్న విమానాలు దిగే మైదానం గేటు పక్కన పైలట్లు చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్లమ్మే పెద్దాయన కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు లేరు. కాలుగాలిన పిల్లిలా కొట్టంతా తిరుగుతూ, ఎవరేమడిగినా ముందు "ఏ బండికి?" అంటాడు. అక్కడి విమానాలకైతే హెడ్‌సెట్ తీగ చివర రెండు పిన్నులుండాలి, హెలికాప్టర్లకు ఒక్కటే. ఎవరి మాటా నమ్మడు. స్వయంగా వెళ్లి బండిలో సాకెట్‌ను వేలితో తడిమి చూస్తేగాని సరుకివ్వడు.

ఆ ఉదయం రద్దీలో మాత్రం, పాత పరిచయమున్న పైలటమ్మాయి "ఎప్పుడూ వాడేదే బాబాయ్, రెండు పిన్నులది" అనగానే ఇచ్చేశాడు. ఆమె వెళ్లాక గుర్తొచ్చింది. ఆ పిల్ల హెలికాప్టర్‌కి మారింది, ఇవాళే పరీక్ష! రెండు పిన్నుల్ని ఒకటిగా కలిపే అడాప్టర్ అందుకుని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. హెలికాప్టర్ దగ్గర పరీక్ష పెట్టే ఆయన వాచీ చూసుకుంటున్నాడు. ఆమె రెండు పిన్నులూ పట్టుకుని, లేని రెండో రంధ్రం వెతుకుతోంది.

"అలవాటు బాబాయ్," అని నాలుక కరుచుకుంది.

"నువ్వు అలవాటు మానలేదు, నేను మానాను. సరిపోయింది!" అంటూ అడాప్టర్ ఆమె చేతిలో పెట్టాడు.

పైలట్ల మాటలు వినిపించే కొట్లోని రేడియోలో ఆమె గొంతు ఖంగున పలికాక, పెద్దాయన మొదటిసారి కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ వెచ్చబడకముందే బయట మరో ఇంజన్ మోగింది.

"ఏ బండి అది?" అంటూ లేచాడు.