గేటు ముందు ఎత్తిన బతుకమ్మ

ఆ ఏడు పండగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మను మేము చెరువు కట్ట మీద ఆడలేదు. ఆయిల్ కంపెనీ డిపో గేటు ముందు, ట్యాంకర్లు వచ్చిపోయే దారి మీద ఆడాము. పండగ అని పేరే గానీ, తంగేడు, గునుగు పూలు పేరుస్తున్నంతసేపూ నా చెవి పోలీసు వ్యాన్ చప్పుడు మీదే ఉంది.

మాది జనగామ దగ్గరి పల్లె. డిపో పెట్టిన కొత్తలో కొలువులొస్తాయని సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. కొలువులు రాలేదు గానీ, ట్యాంకర్లు కడిగిన నీళ్లు కాలువ పట్టుకుని మా చెరువులోకి వచ్చాయి. నీళ్ల మీద తెట్టు కట్టింది. చేపలు వెల్లకిలా తేలాయి. చెరువు కింద మా అత్త వేసిన వరి పొట్టకొచ్చే వేళకు ఎర్రబడి కూర్చుంది. ఆ మడిలో దిగి దిగి ఆమె కాళ్లకు పుండ్లు లేచాయి. మామ పోయాక ఆ మడిని చూసుకునే ఆమె బతికింది. ఇంకో కారు పంట ఇట్లాగే పోతే ఆమె తట్టుకోదని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరమూ అనలేదంతే.

కంపెనీవాళ్లను అడిగితే అది మీ ట్రాక్టర్లు కడిగిన నూనే అన్నారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. అధికారులు వస్తాం వస్తాం అన్నారు, ఒక్కరూ కట్ట ఎక్కలేదు. అత్త పట్టు మాత్రం ఒక్కటే. ముందు సర్కారు మనిషి ఒక్కరన్నా వచ్చి ఆ నీళ్లు కళ్లతో చూడాలి, మిగతావి తర్వాత.

మగవాళ్లు గేటు ముందు కూర్చుంటే లాఠీలు వచ్చాయి, కేసులు వచ్చాయి. మా ఆయన ఇంకా బెయిల్ మీదే ఉన్నాడు, డిపో ఛాయలకు పోకూడదు. అప్పుడే అత్త అంది.

"మొగోళ్లు కూసుంటె కట్టెలు లేపిండ్రు. బతుకమ్మ మీద ఎట్ల లేపుతరో సూస్త."

అట్లా పట్టుచీరలు కట్టుకుని, తలల మీద బతుకమ్మలతో బయలుదేరాము. గాజులమ్మే ముస్లిం అక్క మా అందరికీ పచ్చగాజులు తొడిగి, తానూ వెంట వచ్చింది. దారి మధ్యలో బతుకమ్మలు దించి చుట్టూ తిరిగాము. అత్త అప్పటికప్పుడు కైగట్టి పాడుతోంది, చెరువు మీద, చేపల మీద, ఏసీ గదిలో కూర్చున్న మేనేజరు మీద. ఆ ఆఖరి దానికి సెక్యూరిటీ వాడు కూడా మొహం తిప్పుకుని నవ్వాడు.

నవ్వులు ఎంతోసేపు నిలవలేదు. గేటు లోపల నిండు ట్యాంకర్లు, బయట ఖాళీవి, ఆగకుండా హారన్లు. పోలీసు వ్యాన్ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దిగి మొదట మర్యాదగానే చెప్పాడు, తర్వాత వ్యాన్ ఎక్కిస్తానన్నాడు. అత్త పాట ఆపలేదు. నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను. మా ఆయన మీద ఇప్పటికే కేసు ఉంది, నన్నూ లోపల వేస్తే పిల్లలను ఎవరు చూస్తారని లెక్కలు వేసుకుంటున్నాను.

అప్పుడు ఇన్‌స్పెక్టర్ నోరు జారాడు. ఆచారం తెలియక కాదు, ఆయన ఇంట్లోనూ ఆ రోజు బతుకమ్మే. హారన్ల గోలలో విసిగిపోయి, ఆడ కానిస్టేబుళ్లను పిలిచి, బతుకమ్మలను ఎత్తి పక్కన పెట్టమన్నాడు.

ఆ కానిస్టేబుళ్లలో అందరికంటే చిన్నపిల్ల ముందుకు వచ్చింది. బూట్లు విప్పింది. వంగి అత్త బతుకమ్మను రెండు చేతులా ఎత్తింది. చప్పట్లు ఆగిపోయాయి.

"ఎత్తినవా బిడ్డా," అంది అత్త. "ఆట అయినంక ఎత్తిన బతుకమ్మను నీళ్లల్లనే దించాలె. నడువు ఇగ, చెరువుకాడికి."

ఆ పిల్ల కదలకుండా నిలబడింది. ఇన్‌స్పెక్టర్ వ్యాన్‌లో పెట్టమని అరిచాడు.

"పెట్టరాదు సార్," అంది ఆ పిల్ల మెల్లగా. "మాది మానుకోట దిక్కు లంబాడోళ్ల తండా. తీజ్ పండుగకు మేం మొలకల బుట్టలు పెంచుతం. అవి గూడ గంతే, సాగనంప ఎత్తినంక నేల మీద పెట్టం."

ఆమె వట్టి కాళ్లతో నడిచింది. ఆమె కొలువు ఏమైపోతుందోనని నాకు భయం వేసింది. మేమూ మా బతుకమ్మలు ఎత్తుకుని వెనక నడిచాము. ఇన్‌స్పెక్టర్ ఆమెను పేరు పెట్టి పిలుస్తూ, కోపంగా, మా వెనకే వచ్చాడు. ఇంకేం చేస్తాడు?

చెరువులో ఆ పిల్ల మోకాళ్ల లోతుకు దిగింది. తెట్టు ఇటూ అటూ జరిగి, మళ్లీ ఆమె కాళ్ల చుట్టూ మూసుకుంది. బతుకమ్మను వదిలింది. తెల్లటి గునుగు అడుగు నుంచి నల్లబడుతూ పోయింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఆమె ఒడ్డుకు వచ్చేసరికి ఖాకీ ప్యాంటు జిడ్డుతో కాళ్లకు అతుక్కుపోయింది. చేతులు వాసన చూసుకుని మొహం చిట్లించింది.

సాగనంపాక నైవేద్యం పెట్టిన సద్ది పంచుతాము. ఆ పిల్ల ప్రసాదం కోసం చేయి చాపబోయి, ఆ చేతిని చూసుకుని వెనక్కి తీసుకుంది. కడుక్కోవడానికి అక్కడ ఆ నీళ్లు తప్ప వేరే నీళ్లు లేవు.

"నోరు తెరువు బిడ్డా," అని అత్త నువ్వుల సద్ది ముద్ద ఆమె నోట్లో పెట్టింది.

నమిలి మింగి, ఆ పిల్ల కట్ట మీదున్న ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"సార్, మీరు గూడ ఒక్కసారి దిగి సూడుండ్రి."

ఆయన నీళ్లను చూశాడు. మా అందరినీ చూశాడు. తర్వాత ఒక రాయి మీద కూర్చుని బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు. అత్త ఇంకో ముద్ద చేసి, చేతిలో పట్టుకుని నిలబడింది.