అందరికీ ఒడ్డు ఎంచిన అక్క

మైత్రీవనం ఎదుట ఫుట్‌పాత్ మీద మైకు పట్టుకుని పాపం గురించి గొంతు చించుకుంటున్నాను. టీ కొట్టు భాయ్ పరుగున వచ్చి నా మోచేయి పట్టుకున్నాడు.

"అన్నా, జర ఆపు. మన టూర్ల అక్క పోయింది."

పొద్దున దుకాణం షట్టరు ఎత్తబోతూ కూలబడిందట. పంజాగుట్టలో ఆసుపత్రికి చేరేలోపే ఊపిరి ఆగిపోయిందట. ప్రియులారా, మరణాన్ని గురించి ఏళ్ల తరబడి బోధించిన నోరు నాది. ఆ క్షణాన మైకు కట్టేయడం కూడా మరిచాను. నా ఊపిరి చప్పుడే రోడ్డంతా వినిపించింది.

ఆ మైకుకు కరెంటు ఆమె దుకాణం నుంచే వచ్చేది. మెట్రో స్టేషను నీడలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద ఒక్క గది దుకాణం అది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి ఆమె. సముద్ర తీరాలకు తప్ప మరెక్కడికీ యాత్రలు కట్టేది కాదు. కొండలు కావాలన్నవాళ్లను, కోటలు చూడాలన్నవాళ్లను పక్క దుకాణానికి పంపేసేది. నేను బడి సగంలో మానేసి, కూడబలుక్కుంటూ పరిశుద్ధ గ్రంథం చదువుకుని బోధకుణ్ణయినవాణ్ణి. నాకు గుడీ లేదు, పదవీ లేదు. ఎండ ముదిరితే ఆమె ఫ్యాను కింద కూర్చుని, ఆమె మంచినీళ్లు తాగుతూ, ఆమెతోనే పోట్లాడేవాణ్ణి.

వచ్చినవాళ్లు ముందుగా ఊరి పేరు చెప్పేవాళ్లు. ఆమె దాన్ని పక్కన పెట్టి, "మీలో నీళ్లంటే అందరికన్నా ఎక్కువ భయం ఎవరికండీ?" అని అడిగేది. ఆ ఒక్క మనిషిని బట్టి తీరం ఎంచేది. బల్ల మీద ఒక స్టీలు పళ్లెం ఉండేది. అందులో నీళ్లు పోసి, ఒడ్డు ఎంత వాలో చూపడానికి ఒక అంచు పైకెత్తేది. బాగా ఎత్తితే నీళ్లన్నీ ఒక మూలకు జారి లోతయ్యేవి. "ఇది పూరీ తీరం అండీ. అల గట్టిది, నేల కాలికింద నుంచి లాగేస్తుంది. చంటిపిల్లతో వద్దు." మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు వర్కల చెప్పేది. అక్కడ కొండ అంచున కుర్చీలో కూర్చుని చూడొచ్చు, దిగే పని లేదు. నీళ్ల పేరెత్తితేనే వణికేవాళ్లకు పళ్లేన్ని ఎత్తీ ఎత్తనట్టు పట్టుకుని, ఒడిశాలో చాందీపూర్ అనేది. అక్కడ సముద్రం మైళ్ల దూరం వెనక్కి వెళ్లిపోయి మళ్లీ తిరిగొస్తుంది. "ముందు అదే మీకు భయపడి వెనక్కి పోతుంది. మీరు దాని వెనకాల నడవొచ్చు" అని నవ్వేది.

ఒకసారి కోచింగ్ కుర్రాళ్లు గుంపుగా వచ్చారు.

"అక్కా, గోవా వెయ్యి. మస్తు ఎంజాయ్ చెయ్యాలె."

"ఈత ఎంతమందికి వచ్చు బాబూ?"

"ఒక్కనికి సుత రాదక్కా."

"మందు?"

"అందరికి వస్తది!"

"అయితే పాండిచ్చేరి వెళ్లండి. ఊరి ముందు ఒడ్డంతా బండరాళ్లే, దిగుదామన్నా దిగలేరు. మందు చవక కూడా."

వాళ్లు గంతులేస్తూ డబ్బు కట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. "అక్కా, పిల్లలను తాగుడుకు సాగనంపుతున్నవ్. లోకాశలకు టికెట్లు అమ్ముతున్నవ్. రేపు దేవునికి ఏం జవాబిస్తవ్?"

"బతికొస్తారు కదా బ్రదర్ గారూ. బతికొస్తే మీ ఫుట్‌పాత్ మీదుగానే వెళ్తారు, అప్పుడు మార్చుకోండి" అంది. ఆ తర్వాత కాసేపటికి, "మీరు నరకమని భయపెడతారు, నేను నీళ్లని భయపెడతాను. మనిద్దరిదీ ఒకటే పని" అంది.

భర్తను సముద్రం తీసుకుపోయిందని వీధి మొత్తానికి తెలుసు. ఏ ఊళ్లోనో మాత్రం ఎవరికీ తెలియదు. ఒక పేరు విన్నప్పుడు మాత్రం, "అక్కడికి నేను పంపను" అని లేచి నిలబడేది. ఆ పేరు నేనూ ఇక్కడ రాయను.

ఆమెకింకో అలవాటు ఉండేది. నెత్తిమీద మెట్రో రైలు వెళ్లేటప్పుడు ఆ చప్పుడు దూరం నుంచి లేచి, మీద పడి, విరిగి, లాగేసుకుంటూ వెళ్తుంది. అది మొదలవగానే ఆమె మాట మధ్యలో ఆగిపోయేది. రెండు పాదాలూ నేల మీంచి ఎత్తి కుర్చీ కమ్మీ మీద పెట్టుకునేది. చప్పుడు పూర్తిగా పోయాక దించి, ఆపిన మాట దగ్గర నుంచే మళ్లీ మొదలుపెట్టేది. గచ్చు మీద మాకెవరికీ కనిపించని తడి ఆమెకు కనిపించేదేమో. నేను దయ్యాలను వెళ్లగొట్టిన మనిషిని. ఆ పాదాలు లేచినప్పుడు మాత్రం నా చేయి గ్రంథం మీదకు పోయేది.

దహనమయ్యాక ఆమె కూతురు దుకాణం తెరిచి నన్ను పిలిపించింది. బేగంపేటలో ఉద్యోగం చేసుకునే పిల్ల. అస్థికలింకా పంజాగుట్ట శ్మశానంలోనే ఉన్నాయి.

"సముద్రంలోనే కలపమని అమ్మ ఎప్పుడో చెప్పింది అంకుల్. ఏ ఊరో మాత్రం చెప్పలేదు. ఊరందరికీ ఎంచింది, తనకి ఎంచుకోలేదు. రోజూ మీతోనే కదా పోట్లాడేది, మీకేమైనా చెప్పిందా?"

"చెప్పుడెందుకు బిడ్డా? మీ నాయిన పోయిన కాడికే తోల్కపోవాలె! గా నీళ్లల్లనే కలపాలె. సముద్రం మింగినోళ్లను ఒకనాడు మళ్ల అప్పజెప్పక తప్పదని గ్రంథంల ఉన్నది. గా దినం ఇద్దరూ ఒక్క తావునే లేస్తరు!"

నా గొంతు వీధిదాకా వెళ్లింది. సరిగ్గా అప్పుడే పైన రైలు వచ్చింది. ఆ పిల్ల పాదాలు రెండూ నేల మీంచి లేచాయి.

రైలు వెళ్లిపోయింది. ఆమె మెల్లగా పాదాలు దించింది.

"ఆ రోజు నేనూ ఉన్నాను అంకుల్. కేలండర్‌లో బొమ్మ బాగుందని అమ్మే ఆ ఊరు ఎంచింది. నాన్న నన్ను ఒడ్డు వైపు తోసేశారు. వెనక్కి తిరిగి చూస్తే లేరు."

తర్వాత ఆ పళ్లెం దగ్గరికి లాక్కుని నీళ్లు పోసింది. "అమ్మ అయితే ముందు ఒక మాట అడిగేది. మీరు అడగలేదు."

నేను అడిగాను. అంత చిన్న గొంతుతో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. "వచ్చేటోళ్లల్ల నీళ్లంటే ఎక్కువ భయం ఎవరికి బిడ్డా?"

"నాకే."

వాళ్లమ్మ ఎత్తినట్టే, ఎత్తీ ఎత్తనట్టుగా, పళ్లెం అంచు ఎత్తి పట్టుకుంది. ఇక ఊరి పేరు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సికింద్రాబాద్‌లో రైలెక్కి, బాలాసోర్‌లో దిగి, ఆటోలో చాందీపూర్ చేరాం. మా నమ్మకాలు వేరు. అయినా తోడు రమ్మంది, వెళ్లాను. మేము చేరేసరికి సముద్రం లేదు. మనిషి ఇప్పుడే లేచి వెళ్లిన గదిలా ఉంది ఆ నేల. దూరంగా తెల్లటి గీత ఒకటి, అంతే. ఆమె చెప్పులు విడిచి, అస్థికల కుండ చంకన పెట్టుకుని, ఆ గీత వైపు నడిచింది. నేను వెనకాల నడిచాను. అల చప్పుడు లేదు. తడి ఇసుకలో మా అడుగులు పడేచోటల్లా నీళ్లు ఊరి, మళ్లీ ఇంకిపోయాయి.

చాలా దూరం వెళ్లాక ఆమె ఆగి, బూడిదను నేల మీద తన ముందే పోసింది. "రానివ్వండి అంకుల్. ఈసారి అదే వస్తుంది" అంది. ఒడ్డు నుంచి జాలరి ఒకతను వెనక్కి రమ్మని చేతులు ఊపాడు. ఆమె కదల్లేదు. ప్రార్థనకు బదులు నా నోట అక్క అడిగే ప్రశ్న ఒక్కటే మెదిలింది.

నీళ్లు అల లేకుండా, పళ్లెంలో జరిగినట్టు పల్చగా జరుగుతూ వచ్చాయి. బూడిదను తాకాయి, తేల్చాయి, ఆమె కాళ్ల మధ్య నుంచి ఒడ్డు వైపు తీసుకుపోయాయి. నేను ఆమె పాదాలనే చూస్తున్నాను. లేవలేదు. జాలరి మళ్లీ కేక పెట్టాక వెనక్కి తిరిగాం.

ఒడ్డెక్కి చూస్తే ఆమె చీలమండల చుట్టూ బూడిద రంగు గీత ఉంది, ఎవరో రెండు చేతులతో కాసేపు పట్టుకుని వదిలినట్టు.