దర్వాజకు చెప్పాల్సిన మాట

ఆ రోజు నాకు తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పాను. సిరిసిల్ల నుంచి జగిత్యాల పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలామె, "కొడుకా, ఖిల్లా దర్వాజ తెరిచే ఉంటదా?" అని అడిగింది. నేను ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "మూసిండ్రవ్వా, రిపేరు నడుస్తాంది," అన్నాను. జగిత్యాలలోనే ఉంటున్నా ఆ కోట వాకిలి వైపు వెళ్లి ఏళ్లయింది.

ఆమె ఒళ్లోని నూనె సీసా మూత బిగించింది.

"మా ఆయనది జగిత్యాలనే. సాంచెల మీద బట్ట నేసే పనికని సిరిసిల్లకు వచ్చిండు. ఎన్కట పొద్దుగూకితే దర్వాజ మూసేటోళ్లట. బయట చిక్కినోళ్లు ఒక దిక్కు హనుమంతునికి, ఒక దిక్కు పీరు గూటికి మొక్కుకుంట తెల్లారేదాక కూసుండేటోళ్లట. గందుకే ఊరిడిసినోళ్లు తిరిగొస్తే రెండు దిక్కులా దీపం పెట్టి, ఫలానోణ్ణి వచ్చిన అని చెప్పాలె. చెప్పకపోతే ఇంకా బయటున్నట్టే. ఆయన చెప్పకుంటనే పానం ఇడిసిండు. నేనన్న చెప్దామని బయలెల్లిన."

"ఇంకోసారి రా అవ్వా."

"నువ్వు చెప్తే నా మోకాళ్లు ఇంటయా?" అని నవ్వి, నడుమ వచ్చిన బస్టాండులో దిగి, వెనక్కి సిరిసిల్ల పోయే బస్సు వైపు నడిచింది. నాకు తెలియదని ఒప్పుకోకుండానే మళ్లీ ఫోన్‌లో తల దూర్చాను.

మర్నాడు వెళ్లి చూస్తే దర్వాజ బార్లా తెరిచి ఉంది. రెండు దిక్కులా దీపాలు పెట్టాను. ఆయన పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు.

"సిరిసిల్లకు పోయినాయన వచ్చిండు," అని గట్టిగానే చెప్పాను.