ముందు ఎవరు విన్నారు?

టైడా స్టేషన్లో రైలు ఆగగానే పచ్చిమామిడి వాసన పెట్టెంతా నిండింది. తట్టతో ఎక్కిన ఒకామె కాయ కోసి, ఉప్పూ కారం అద్ది, కాగితంలో పెట్టి నా ముందుకు చాపింది. అందుకోబోయి ఆగాను.

"కొత్త అయిందా?" అని అడిగాను.

"మాది కింద బాబూ, మాకేటి కొత్త? అవన్నీ కొండోళ్లకి. నువ్వు కొండోడిలా లేవే!" అని నవ్వింది.

నిజమే, నేను కొండవాణ్ణి కాదు. అయినా ఆ ముక్క నోట పెట్టుకోలేకపోయాను. ఆ ఏడు కాసిన మామిడిని ముందు గ్రామదేవతకు పెట్టి, తర్వాత ఇంటిల్లిపాదీ కలిసి రుచి చూసే రోజును ఈ కొండల్లో మామిడి కొత్త అంటారు. అది కాకముందు కాయ కొరకరు. ఈ పట్టింపు నాకు సుభద్ర మేడమ్ దగ్గర అంటుకుంది. ఆమె నేర్పింది మామిడికాయలు తినడం కాదు, కథలు రాయడం.

విశ్వవిద్యాలయంలో మేడమ్ మాకు సృజనాత్మక రచన చెప్పేవారు. పీజీలో అలాంటి చదువొకటి ఉందంటే మా ఇంట్లో నమ్మలేదు. "కతలు రాయడానికి కూడా ఎమ్మే ఏట్రా? మీ నాయనమ్మ ఏ కాలేజీలో సదివింది?" అని మా నాన్న నలుగురిలో అనేవాడు. మేడమ్ అరకు దగ్గర చిన్న కొండ ఊళ్లో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదువుకుని అంతదూరం వచ్చిన మనిషి. తమ తోటలో పండిన కాఫీని పాలు లేకుండా, బెల్లం వేసి ఫ్లాస్కులో తెచ్చుకునేవారు. మేం కథ చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవారు. అయ్యాక, ఎత్తుగడ గురించీ ముగింపు గురించీ మాట్లాడేముందు ఒకటే అడిగేవారు: "ఇది ముందు ఎవరు విన్నారు?"

ఎవరిని చూసి రాశామో వాళ్లకు వినిపించాకే కథ తరగతికి రావాలని ఆమె నియమం. నాకది చాదస్తంగా కనిపించేది. "అలాగైతే ఎవరూ ఏమీ రాయలేరు మేడమ్. రచయితకి స్వేచ్ఛ ఉండొద్దా?" అన్నాను ఒకసారి.

"ఉండాలి. వాళ్లు కాదంటే మానెయ్యమని నేననలేదే. ముందు వాళ్లకి పెట్టమంటున్నాను, అంతే. మా ఊళ్లో మా చెట్టు కాయైనా సరే, కొత్త కాకుండా కొరకం."

తరగతి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

రెండో ఏడు వేసవి మొదట్లో ఆమె మమ్మల్ని తమ ఊరికి తీసుకెళ్లి, ఇంటికొకరిని సర్దారు. నేను ఆమె అక్క బుద్రమ్మగారి ఇంట్లో దిగాను. తొలివానకి కాఫీ చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. బుద్రమ్మగారి కూతురు సుందరి, తల్లి వద్దన్నవాణ్ణి చేసుకుని డొంకరాయి వైపు వెళ్లిపోయింది. తల్లీకూతుళ్లకి మాటల్లేవు. కొత్త రోజున బుద్రమ్మగారు అందరికీ విస్తరాకులు వేసి, ఒక ఆకు ఎక్కువ వేశారు. దాంట్లో మామిడి ముక్కలు, అన్నం పెట్టారు. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగకుండా, ఆ రాత్రికే మనసులో కథ కట్టేశాను.

కథలో కూతురు జ్వరంతో చనిపోయింది. బతికున్న కూతురికి ఆకు వేయడం కంటే, లేని కూతురికి వేయడం బాగుంటుందనిపించింది. తరగతిలో చదివాక మేడమ్ కళ్లు తెరిచి, ఎప్పటిలాగే అడిగారు. "బుద్రమ్మ పెద్దమ్మ విన్నారు మేడమ్" అన్నాను. అబద్ధం. ఆమె తలాడించారు. మా అందరిలోకీ ఎక్కువ మార్కు నాకే వేశారు. నేను కథను ఒక పత్రికకు పంపాను.

పత్రిక వచ్చిన నెలలో ఆ ఊరి బడి మాస్టారు దాన్ని దుకాణం దగ్గర పైకి చదివారట. పేరు మార్చినా, ఇల్లూ ఆకూ చూసి అందరూ పోల్చుకున్నారు. కొందరు బుద్రమ్మగారిని ఓదార్చడానికి వెళ్లారు. ఆ మాట సంతల మీదుగా డొంకరాయి చేరేసరికి, 'మీ అమ్మ నిన్ను చచ్చినదాని లెక్కలో వేసేసింది, పుస్తకంలో పడింది' అని మారింది. అప్పటికే తన పిల్లాడిని తీసుకుని వచ్చే కొత్తకి వస్తానని కబురు పెట్టి ఉన్న సుందరి, రానని తిరిగి కబురు చేసింది.

మేడమ్ కోప్పడలేదు. "మార్కు కథకి వేశాను, అది అలాగే ఉంటుంది. రేపు బస్టాండుకి రా" అన్నారు. మర్నాడు ఆ ఊళ్లో, అరుగు మీద కూర్చుని బుద్రమ్మగారికి కథ మొత్తం చదివాను. ఆమె చేట ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నారు.

"బాగా సదివేవు. మరి నా గుంటని ఎందుకు సంపీసినావు బాబూ?"

"కథకి అలా కావలసొచ్చింది పెద్దమ్మా."

"కతకా? ఏటి, ఆకలేసిందా దానికి?"

కాగితాలు మడిచి లేచాను. వీధిలోకి వచ్చాక మేడమ్, "ఇప్పుడు డొంకరాయి వెళ్దాం. సుందరి కూడా వినాలి" అన్నారు. పరీక్షలున్నాయన్నాను. పరీక్షలు ఉన్నమాట నిజమే, భయం అంతకంటే నిజం. "సరే" అని ఆమె ఒక్కరే వెళ్లారు. తిరిగొచ్చాక "వెళ్లొచ్చాను" అన్నారు, అంతే. కథ ఆమే చదివి వినిపించి ఉంటారనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది. తర్వాత పట్టా వచ్చింది, పత్రికలో ఉద్యోగం వచ్చింది. మేడమ్ ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడేవాణ్ణి. పోయిన వానాకాలం ఆమె పోయారని తెలిసినప్పుడూ వెళ్లలేదు.

ఇన్నాళ్లకు ఆమె గురించి ఈ నాలుగు మాటలు రాసుకున్నాను. వినవలసిన మనిషి లేరు కాబట్టి, అక్కగారికైనా చదవాలని రైలెక్కాను.

బుద్రమ్మగారి తలుపు దగ్గర ఉన్నావిడ నన్ను ఎగాదిగా చూసి, పేరు అడిగి, లోపలికి కేకేసింది. "అమ్మా! నన్ను సంపీసినాయన వచ్చేడు!"

సుందరి. మరుసటేడు కొత్తకి మేడమే వెళ్లి తీసుకొచ్చారట. నేను కాగితాలు తీస్తుంటే, "ఈ తూరి ఎవుల్ని సంపేవు?" అంది. బుద్రమ్మగారు కసిరారు. "ఊరుకోయే, సదవనీ."

చదివాను. డొంకరాయి దగ్గరికి వచ్చేసరికి సుందరి చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కాదు. పిన్ని నాకు కత సదవలేదు. సదవమని నేనే అడిగేను. రాసినోడే సదవాలి, వత్తాడు, అంది. కోపం ఆడి మీద ఉంచుకో, మీ అమ్మ మీద వద్దు, అంది. ఎన్నాళ్లకొచ్చేవు బాబూ!"

ఆ పాత కథ నాకు కంఠతా వచ్చు. అక్కడే కూర్చుని చెప్పాను. చావు దగ్గరికి వచ్చాను. "జొరానికే పోయేనా? ఇంకాస్త పెద్ద రోగం దొరకలేదా?" అంది సుందరి. నవ్వి, ఎందుకో లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. మేడమ్ ఏళ్ల తరబడి మోసిన "వత్తాడు" అన్న మాట బరువు అప్పటికి గానీ నాకు తెలియలేదు.

మర్నాడు కొత్త. బుద్రమ్మగారు ఆకులు వేశారు. నాకొకటి వేశారు. అందరికీ అయ్యాక ఇంకొకటి వేశారు. ఈసారి అది ఎవరిదో తెలుసు.

"ఇది రాయొచ్చా పెద్దమ్మా?" అని అడిగాను.

ఆమె ఆ ఆకులో ముక్కలు సర్దారు. "ఆకు వరకు రాసుకో బాబూ. మిగతాది మాది."

ఆకు వరకు రాశాను.