పై అరకు పట్టా కట్టిన మా అక్క

అక్క పోయిందని బావ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో నిలబడి ఆమెకు పంపాల్సిన జావను ఫ్లాస్కులో పోస్తున్నాను.

"అయిపోయిందమ్మా. మీ అక్క ఇగ లేదు" అన్నాడు బావ.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏడుపు కాదు. "ఎవరు చెప్పిండ్రు? డాక్టరే చెప్పిండా, నర్సు చెప్పిందా?" అని అడిగాను. బావ మెల్లగా, "నేనే చూసిన" అన్నాడు.

ఆ ప్రశ్న తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్క విని ఉంటే మాత్రం తప్పు పట్టేది కాదు. "మంచిగ అడిగినవ్, గట్లనే అడగాలె" అనేది. మా ఇద్దరిదీ ఒకటే గుణం. ఏదీ ఒక్క మాటకు నమ్మేవాళ్లం కాదు. పదహారేళ్లు ఒకే వంటింట్లో వండుకున్నాం, ఒకరి మీద ఒకరు కన్నేసుకుని.

ఆమె నా తోబుట్టువు కాదు, తోడికోడలు. నా భర్తకు అన్న భార్య. నేను పెళ్లై మహారాష్ట్రలోని భివండి వచ్చేనాటికి మా వాళ్లకు అక్కడి కనేరి బస్తీలో కార్ఖానా వెనక రెండు గదుల ఇల్లు. గోడకు అవతల బట్ట నేసే సాంచాల మోత. ఆ ఇంట్లో రహస్యం చెప్పుకోవాలన్నా అరిచి చెప్పుకోవాల్సిందే. అందుకేనేమో, చెప్పాల్సినవి చాలా చెప్పుకోకుండానే ఉండిపోయాం.

అక్క పొడుగు మనిషి. మా చుట్టాల ఆడవాళ్లలో అంత పొడుగు నేనెవరినీ చూడలేదు. నేను ఆమె భుజం దాకా కూడా రాను. ఆ వంటింట్లో కప్పు కింద గోడ పొడవునా ఒక సజ్జ ఉండేది. ఉప్పు, పసుపు, పోపుల డబ్బా తప్ప మిగతా సరుకంతా దాని మీదే. ఆమె చెయ్యి చాపితే అందేది. నేను మునివేళ్ల మీద నిలబడినా వేళ్లకు సజ్జ అంచు తగిలేది, అంతే.

"అక్కా, జరంత చింతపండు తీసియ్యవా?"

"ఎంత?"

ఆ "ఎంత" అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకునేది. చింతపండు ఎంత కావాలో కూర చెప్తుంది గాని, తోడికోడలికి లెక్క చెప్పాలా? కావాలనే అన్నీ పైన పెట్టిందని నా అనుమానం. ఒకసారి అననే అన్నాను. ఆమె నవ్వి, "నాకు పొడుగు దేవుడిచ్చిండు. నేనేం జెయ్యాలె?" అన్నది. ఆ నవ్వునూ నేను నమ్మలేదు.

ఐదేళ్ల కింద అంజూర్ ఫాటా దగ్గర ఫ్లాటుకు మారాం. కొత్త వంటింటికి కప్‌బోర్డులు చెయ్యడానికి వచ్చిన వడ్రంగి చేత్తో సీలింగు చూపిస్తూ, "భాభీ, ఊపర్ తక్ లే లో, జగా బచేగా" అన్నాడు, పైదాకా కట్టించుకుంటే జాగా కలిసొస్తుందని. నేను అక్క వైపు చూశాను. అక్క సీలింగు వైపు చూసింది. "పెట్టు" అన్నది. ఆమె, వడ్రంగి ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారనుకున్నాను. కనేరి సజ్జ ఇక్కడికీ వచ్చింది, ఈసారి తలుపులు పెట్టుకుని.

పోయిన చలికాలం ఒక పొద్దున బియ్యప్పిండి డబ్బా కోసం ప్లాస్టిక్ స్టూలు ఎక్కాను. అది జారింది. డబ్బాతో సహా కింద పడ్డాను. చప్పుడు విని అక్క ఉరికి వచ్చింది. నా ఒళ్లంతా పిండి. మోకాలు చీరుకుపోయింది. ఆమె మొదట అడిగింది, "ఏం దేవులాడుతున్నవ్?" అని.

దెబ్బ తగిలిందా అని కాదు. తర్వాత పసుపు తెచ్చి మోకాలికి అద్దింది, నిజమే. అద్దుతూ, "స్టూలు ఎక్కేముందు ఒక తన్ను తన్ని చూడాలె. తన్నినా నిలవడితేనే దాన్ని నమ్మాలె" అని బుద్ధి చెప్పింది. కానీ ఆమె చూపు నా మోకాలి మీద లేదు. ఫ్రిజ్ పైన, అన్నిటికన్నా ఎత్తులో ఉన్న మూల అర మీదికి రెండుసార్లు పోయి వచ్చింది. నేను గమనించాను. అందులో ఏదో ఉందని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

నెల తిరగకముందే ఆమె ఒక పని మొదలుపెట్టింది. కార్ఖానాలో పాతబడిన తోలు పట్టాలు తెమ్మని బావకు చెప్పింది. సాంచాలో నూలు కండెను మోసే నాడెను ఇటు నుంచి అటు కొట్టే కర్రకు ఉంటాయి ఆ పట్టాలు. నూనెలో నాని, అరిగి, మెత్తబడితే తీసి పారేస్తారు. వాటిని జానెడు, మూరెడు కోసింది. బజారు నుంచి పొడుగాటి ప్లాస్టిక్ బుట్టలు తెప్పించి ఒక్కో బుట్ట ముందు భాగానికి ఒక్కో పట్టా బిగించింది. ఆదివారం బావ నిలబడి ఆ బుట్టలన్నీ పై అరల్లోకి తోశాడు. "మూలది ఉండనియ్. అది నేను చూసుకుంట" అని ఆమె అనడం నేను పక్క గదిలోంచి విన్నాను.

తలుపు తెరిస్తే పట్టా కిందికి వేలాడుతుంది. పట్టుకుని లాగితే బుట్ట అంచు దాకా వస్తుంది. రెండో చేత్తో కింద పట్టుకుంటే చాలు. మొదటిసారి లాగినప్పుడు పల్లీల బుట్ట మెత్తగా నా చేతిలోకి దిగింది. పదహారేళ్ల అడుక్కోవడం ఒక్కరోజులో తీరింది. సంతోషపడాల్సింది. నాకు భయమేసింది. ఇప్పుడెందుకు? ఇన్నేళ్లు లేని దయ ఎక్కడి నుంచి వచ్చింది?

అక్కడితో ఆగలేదు. పైనున్న ఇత్తడి గిన్నెలు, పెద్ద కుక్కరు, పిండివంటల మూకుడు ఒక్కొక్కటే కింది అరల్లోకి దిగాయి. ఏవి ఆమె పుట్టింటివి, ఏవి నావి అని నేను కళ్లతో వేరుచేస్తూ కూర్చున్నాను. రాత్రి భోజనాల దగ్గర నా భర్తతో, "అక్క వేరు పడేటట్టున్నది" అన్నాను.

ఆయన ముద్ద కలుపుతూ, "నీదెప్పుడు గదే. డబ్బా మీద పెడితే దాచింది అంటవ్, కింద పెడితే పంచింది అంటవ్" అన్నాడు.

మా పాప వేలాడే పట్టాలను చూసి, "పెద్దమ్మా, యే సబ్ క్యా లటకాయా?" అని అడిగింది. "మీ అమ్మ నన్ను పిలుసుడు బంద్ జెయ్యాలని" అన్నది అక్క. నేనంటే అంత విసుగా అని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ రోజుల్లో ఇంకా కొన్ని చూశాను. ఆమె ఎడమ చేత్తో తల దువ్వుకునేది. తీగ మీద బట్టలు ఆరేయమని పాపను పిలిచేది. రొట్టెల పిండి పిసకడం నాకే వదిలేసింది. అన్నీ చూశాను. చూసి, పని తప్పించుకుంటోందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం బజారుకని బయల్దేరి, సంచి మరిచి వెనక్కి వచ్చాను. వంటింట్లో అక్క స్టూలు మీద నిలబడి ఉంది. కుడి చెయ్యి పక్కకు వేలాడుతోంది. ఎడమ చేతిలో చివర వంచిన ఇనుప సువ్వ. దాంతో మూల అరలో తడుముతోంది. స్టూలు ఊగుతోంది. నేను పోయి రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాను.

"ఏం దేవులాడుతున్నవ్ అక్కా?"

ఆమె ఉలిక్కిపడింది. "జల్లెడ" అన్నది.

"జల్లెడ కిందనే ఉన్నది. నువ్వే పెట్టినవ్."

ఆమె దిగింది. నేను వంటగట్టు ఎక్కి, ఆ సువ్వను ఆమె చేతిలోంచి తీసుకుని మూలలోకి పోనిచ్చాను. అడ్డంగా ఉన్న పాత గంగాళం వెనక ఏదో కొక్కేనికి చిక్కింది. లాగాను. పాత దుప్పటి ముక్కలో చుట్టిన ప్లాస్టిక్ కవరు.

"ఇయ్యి" అన్నది అక్క, చెయ్యి చాపి.

"ఏంది గిది? ఇంటి కాయితాలా?"

"చెల్లె, ఇయ్యి అంటున్న."

ఇయ్యలేదు. విప్పాను. అది ఆసుపత్రి ఫైలు. మీద ఆమె పేరు. తారీఖు చూస్తే నేను స్టూలు మీద నుంచి పడడానికి ముందుది. నాకు ఇంగ్లీషు అంతగా రాదు, కానీ మధ్యలో ఉన్న ఒక మాట చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆ జబ్బు పేరు అందరికీ తెలిసిందే. వంటగట్టు మీదే కూర్చుండిపోయాను.

అక్క కుడి చెయ్యి ఎత్తి చూపించబోయింది. అది భుజం దాకా కూడా రాలేదు. "సంకల గడ్డ లేచింది. ఇగ లేస్తలేదు చెయ్యి" అన్నది.

జరిగింది అప్పుడు చెప్పింది. రొమ్ములో గడ్డ తగిలితే ఒక్కతే పోయి పరీక్షలు చేయించుకుంది. ముంబైలో పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. భయపడి ఫైలు తెచ్చి నాకు అందని చోట పెట్టింది. కొన్నాళ్లు మరిచిపోదామనుకుంది. నొప్పి మరవనివ్వలేదు. పోదామని నిర్ణయించుకునేసరికి, ఒక్క ఎడమ చేత్తో గంగాళం జరపలేక, తను పెట్టిన చోటు తనకే అందకుండా పోయింది. ఎవరినీ అడగకుండా దించుకునే ఉపాయం కోసం పట్టాలు, బుట్టలు, సువ్వ, ఒక్కొక్కటీ చేసి చూసింది.

"నాకు చెప్తే తీసియ్యకపోదునా?" అన్నాను.

ఆమె నా వైపు సూటిగా చూసింది. "పదహారేండ్లు నువ్వు నన్ను అడిగితివి. ఇప్పుడు నేను నిన్ను అడగాల్నా? అడిగితే నువ్వు 'ఎంత' అంటవని భయపడ్డ."

నిజంగానే 'ఎంత' అని ఉండేదాన్నేమో.

ఆ సాయంత్రం బావకు చెప్పాం. "నాకెందుకు చెప్పలే?" అని ఒక్కటే అడిగాడు. "నువ్వు సాంచాలు బంద్ జేసి ఇంట్ల కూసుంటవని" అన్నది అక్క. ముంబైలో డాక్టరు ఫైలు చూసి, మమ్మల్ని చూసి, ఇంకొంచెం ముందు రావాల్సింది అన్నాడు. నేను ఆమె ఎడమ చేతి దువ్వెనను చూస్తూ గడిపిన వారాలు కళ్ల ముందు తిరిగాయి.

ఆ తర్వాతి నెలలు మా ఇద్దరికీ మిగిలిన మంచి కాలం. మందు ఎక్కించుకుని వచ్చిన రెండు మూడు రోజులు ఆమె లేచేది కాదు. కాస్త ఓపిక రాగానే వంటింట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని నాతో వంటిల్లంతా మళ్లీ సర్దించింది. బరువైనవి నడుము కన్నా పైన ఉండొద్దు. పై అరల్లో తేలికవే. రోజూ వాడేవి కంటి ఎదుట. నేను డబ్బాల మూతల మీద పేర్లు రాస్తుంటే ఆపింది. "కింద నుంచి చూసేటోళ్లకు మూత మీద రాస్తే ఏం ఫాయిదా? అడుగున రాయి." అందుకే మా ఇంట్లో కందిపప్పు, నువ్వులు, అటుకులు అన్నీ డబ్బాల అడుగున రాసి ఉంటాయి. వచ్చినవాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం పట్టా లాగి తల ఎత్తితే బుట్ట సందుల్లోంచి ఏది ఎక్కడుందో తెలుస్తుంది. వడ్రంగితో వెడల్పాటి రెండు మెట్ల పీట చేయించింది. ఎడమ కాలితో దాన్ని రెండు తన్నులు తన్ని, "ఇప్పుడు ఎక్కు" అన్నది.

అనుమానాలు మాత్రం పోలేదు. నర్సు నవ్వితే ఎందుకు నవ్విందని అడిగేది. నేను అన్నం తెస్తే, "నాకోసం వండినవా, మిగిలింది తెచ్చినవా?" అనేది. ఒకరోజు నేనూ అడిగేశాను. "నిజం చెప్పు. ఆ పట్టాలు నాకోసం కట్టినవా, ఫైలు కోసమా?"

"నీకోసమే అంటే నమ్ముతవా?"

"నమ్మ."

"మరెందుకు అడుగుడు?" అని కళ్లు మూసుకుంది. పెదవుల మీద చిన్న నవ్వు. అది ఏ నవ్వో నాకు తేలలేదు. ఇక ఎప్పటికీ తేలదు.

వానలు పడ్డ వారంలో ఆమె పోయింది.

ఇప్పుడు ఆమెను తలచుకుంటే ఆసుపత్రి మంచం గుర్తు రాదు. ముంబైకి మొదటిసారి పోయి లోకల్ రైల్లో తిరిగొస్తున్న సాయంత్రమే వస్తుంది. ఆడవాళ్ల డబ్బాలో కాలు పెట్టే సందు లేదు. ఎవరో ఒకామె అక్క ముఖం చూసి లేచి సీటిస్తానంది. అక్క నా చెవిలో, "ఎందుకిస్తున్నది? ఏమన్న అడుగుతదా?" అన్నది. కూర్చోలేదు. ఎడమ చేత్తో పైన వేలాడే పిడి పట్టుకుని నిలబడింది. ఆ పిడి నాకు అందదు. పట్టుకోవడానికి ఏమీ దొరక్క, ఆమె నడుము దగ్గర చీర కొంగు పిడికిట్లో పట్టుకున్నాను. ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది.

"ఎవరది?"

"నేనే అక్కా."

కిందికి వంగి నా ముఖం చూసింది. నేనేనని నిర్ధారించుకుంది. తర్వాత ఇంకొంచెం కొంగు వదులు చేసి నా చేతికిచ్చింది. ములుండ్ దాటి మేం దిగే ఠాణా వచ్చేదాకా రైలు ఊగినప్పుడల్లా ఆమె ఊగింది, ఆమెతో పాటు నేనూ ఊగాను.