నడిచే మనిషి గురించి ఎవరు చదువుతారు

లిఫ్టులు బాగుచేసే ఆయన రెండో అంతస్తు నుంచి లిఫ్టు గుంటలో పడి నడుం విరగ్గొట్టుకున్న ఏడాది, ఆయన భార్య బ్లాగు మొదలుపెట్టింది. సేవా లేదు, స్ఫూర్తీ లేదు. ఆస్పత్రి వరండాలో పలకరించే దిక్కు లేక రాసింది. ఎనభై కిలోల మనిషిని ఒక్కతే పక్కకు తిప్పడం ఎలా, వీపు మీద పుండు పడకుండా ఏం చేయాలి, ఇలా డాక్టర్లకు చెప్పే తీరిక లేనివన్నీ పూసగుచ్చినట్టు రాసేది. ఇళ్లలో రోగులున్నవాళ్లు వేలమంది చదివారు. "మీరు దేవత" అన్నారు. ఆ మాటతో పొయ్యి వెలగలేదు గానీ, అన్నవాళ్లు చూసిన ప్రకటనలతో వెలిగింది. మంచం పట్టినవాళ్లకు గాలిపరుపులు అమ్మే కంపెనీ ఒకటి తన ప్రకటనకు నెలనెలా డబ్బిచ్చేది. ఆ డబ్బుతోనే ఫిజియోథెరపీ అతను రోజూ వచ్చి ఆయన కాళ్లు వంచి, చాపి, పట్టుకుని నిలబెట్టేవాడు.

రెండేళ్లకు ఆయన గోడ పట్టుకుని వంటగది దాకా నడిచాడు. ఆ సంగతి రాస్తే మూడు రోజులు జనం విరగబడ్డారు. ఆ తర్వాత జారుకున్నారు. వాళ్లను తప్పుపట్టడానికేం లేదు. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నవాళ్లకు లేచి తిరిగేవాడితో ఏం పని? ఆమె వంటింటి చిట్కాలు రాసి చూసింది, పిల్లల చదువుల గురించి రాసి చూసింది. ఈగ కూడా వాలలేదు. పరుపుల కంపెనీ మనిషి ఫోన్ చేసి, మర్యాదగానే, ఆయనకెలా ఉందని అడిగాడు. బాగుందంటే, అయితే వచ్చే నెల నుంచి ఆపేస్తామన్నాడు. ఫిజియోథెరపీ అతనేమో ఇంకో ఆరు నెలలు వదలకూడదని, ఇప్పుడు ఆపితే వచ్చిన నడక కూడా పోతుందని తేల్చేశాడు.

మర్నాడు పొద్దున ఆమె టీ గ్లాసు ఆయన చేతికిచ్చి అడిగింది.

"ఏమండీ, ఒక్కసారి మంచమ్మీద పడుకుంటారా? ఫొటోకి."

"ఏమని రాస్తావ్?"

"మళ్లీ పడ్డారని."

"అంటే నేను లేచి తిరగడమే మన బేరానికి దెబ్బన్నమాట." ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆమె ఫోన్ ఎత్తింది, దించేసింది. ఎక్కడో తేడా కొడుతోంది. ఆయనే కనిపెట్టాడు.

"అప్పట్లో ఎడమ పాదం పక్కకి వాలిపోయి ఉండేది కదే," అని ఆ పాదాన్ని వదిలేశాడు. నెలల తరబడి తిన్నగా నిలబడడం నేర్చుకున్న పాదం, తనది కానట్టు పక్కకు ఒరిగింది.

మొదటి ఫొటో మసకగా వచ్చింది. రెండోది కుదిరింది.

"అయిపోయిందండీ, లేవండి."

ఆయన లేవలేదు. పైకప్పు వైపే చూస్తూ అన్నాడు.

"ఇంకో చొక్కా ఇటు పడెయ్. వచ్చే వారానిక్కూడా ఓ ఫొటో తీసిపెట్టుకో."