ఎదురింటి గోడకు రెండు గొట్టాలు

నిన్న ఉదయం నడకకు వెళ్లి మా వీధి చివరి ఇంటి ముందు ఆగిపోయాను. తెరిచి ఉన్న బేస్‌మెంట్ కిటికీలోంచి ప్లాస్టిక్ గొట్టాలను అతికించే జిగురు వాసన ఘాటుగా వస్తోంది. ఎవరో ఇంటిని వేడి చేసే కొత్త ఫర్నేస్ పెట్టించుకుంటున్నారు. ఆ వాసన సోకగానే నా చెవులు వేడెక్కాయి. ఈ వయసులో, ఎవరూ చూడని చోట ఒంటరిగా నిలబడి సిగ్గుపడ్డానంటే, నాకు ఆ సిగ్గును నేర్పినది భ్రమరాంబ గారు.

పిస్కాటవే అనే ఈ ఊళ్లో మా అమ్మాయి సుమ, అల్లుడు రాజేష్‌లతో కలిసి నేనుంటున్న ఇంటికి ఎదురుగా, వీధి మలుపులో ఆమె ఉండేవారు. మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యారు. భర్త పక్షవాతంతో చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. ఆయనకు అన్నం తినిపించడం దగ్గర నుంచి గడ్డం గీయడం దాకా అన్నీ ఆమే చేసేవారు. నేను ప్రతి విషయాన్నీ రాసి పెట్టుకునే మనిషిని. చెత్తబండి ఆలస్యమైతే అదీ రాస్తాను, దాని మీద ఫిర్యాదూ పంపుతాను. "అన్నయ్య గారి దగ్గర మన వీధి జాతకం మొత్తం ఉంది, జాగ్రత్తగా మసలుకోవాలి" అని ఆమె నవ్వేవారు. ఆ నవ్వులో మెచ్చుకోలే ఉందని అప్పట్లో నేను అనుకునేవాణ్ని.

ఒక చలికాలం మొదట్లో ఆమె ఇంట్లో పాత ఫర్నేస్ పాడైపోయింది. కొత్త రకానికి పాత చిమ్నీ పనికిరాదు. గోడకు రంధ్రాలు చేసి రెండు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు బిగించాలి. ఒకటి బయటి గాలిని ఫర్నేస్‌కు అందిస్తుంది, రెండోది కాలిన గాలిని బయటకు వదులుతుంది. పని జరుగుతున్నంతసేపూ నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మంచు ఎంత పేరుకున్నా మూసుకుపోనంత ఎత్తులో ఉండాలని, వదిలిన గాలి తిరిగి లోపలికి పోకుండా రెండింటి మధ్య ఎడం ఉండాలని, ముందు ఏ అడ్డూ ఉండకూడదని బిగించే మనిషి చెబుతుంటే అంతా రాసుకున్నాను. భ్రమరాంబ గారు మాత్రం, "ఒకటి ముక్కు, ఒకటి నోరు. రెండూ మూయకూడదు. అంతే కదా, దీనికి ఇన్ని కాగితాలెందుకు అన్నయ్య గారూ?" అన్నారు.

చిక్కల్లా ఆ గోడతోనే వచ్చింది. ఆమె ఇంటి నిర్మాణాన్ని బట్టి గొట్టాలు రావడానికి వీలైన గోడ అదొక్కటే. అది మా సింహద్వారానికి సరిగ్గా ఎదురుగా ఉంది. సరిగ్గా ఆ వారంలోనే రాజేష్ ఉద్యోగం పోయింది. వీసా గడువులోగా మరొకటి దొరక్కపోతే కుటుంబమంతా దేశం విడిచి వెళ్లాలి. విజయవాడ నుంచి వీడియో కాల్‌లో వాస్తు చూసే ఒకాయన, గొట్టాలు గుమ్మానికి పోటు అని తేల్చేశాడు.

"మామయ్యా, ఆ పైపులు ఎగ్జాక్ట్‌గా మన మెయిన్ డోర్‌కే పాయింట్ అయ్యున్నాయి, చూశారా?"

"ఇంజనీరింగ్ చదివిన వాడివి, నువ్వూ నమ్ముతావా?"

"చదివాను. జాబ్ పోయింది కదా మరి."

అతను వెళ్లి అడిగాడు. గోడకూ గుమ్మానికీ మధ్య వినాయకుడి పటం బిగించిన చెక్క బోర్డు ఒకటి నిలబెట్టుకుంటానన్నాడు. "పెట్టుకో నాయనా. కాస్త దూరంగా పెట్టు, దానికి ఊపిరాడాలి" అన్నారామె. అతను ముందు దూరంగానే పెట్టాడు. పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కూడా కట్టాడు. తరువాత ఒక ఇంటర్వ్యూ పోయింది. సందులోంచి గొట్టాలు ఇంకా కనిపిస్తున్నాయని విజయవాడ ఆయన అన్నాడట. మాకెవరికీ చెప్పకుండా రాజేష్ బోర్డును గొట్టాలకు దాదాపు ఆనించేశాడు.

బాగా మంచు కురిసిన ఒక మధ్యాహ్నం మా తలుపు చప్పుడైంది. భ్రమరాంబ గారు భర్తకు రెండు దుప్పట్లు చుట్టి, కుర్చీని తోసుకుంటూ వచ్చారు. ఆయన పెదవులు వణుకుతున్నాయి.

"ఫర్నేస్ వెలుగుతోంది, ఆగిపోతోంది రాజేష్. బోర్డు గొట్టాలకి ఆనుకుపోయినట్టుంది. లాగి చూశాను, నా వల్ల కాలేదు. మీ ఇంట్లో కాసేపు కూర్చుంటాం. ఈయనకి చలి పడదు."

రాజేష్ పక్కకు జరిగి దారిచ్చాడు. కుర్చీని హీటర్ దగ్గరికి తోసి, వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టాడు. మా ఇంటి వాళ్లు చేసిన పనికి నాకు తల కొట్టేసినట్లయింది. ఆ సిగ్గును దించుకోవడానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే. నా ఫైలు తెచ్చాను. బిగించిన నాటి కాగితం తీసి, ఆ దంపతుల ఎదుటే చదవడం మొదలుపెట్టాను. ఏ నియమం ఎక్కడ తప్పాడో, ఒక రోగి ప్రాణం మీదికి ఎలా తెచ్చాడో, చదువుకున్న మూర్ఖత్వం అంటే ఏమిటో వరుసగా చెప్పాను. రాజేష్ కప్పులు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు.

"మామయ్యా, ప్లీజ్. తీసేస్తాను."

నేను పేజీ తిప్పాను.

"ఆపండి అన్నయ్య గారూ." ఆమె గొంతు పెంచలేదు. "మా ఇంట్లో వేడి రావాలని వచ్చాను. మీ అల్లుణ్ని నా ముందు నిలబెట్టి కడిగెయ్యమని రాలేదు. ఉద్యోగం పోయిన పిల్లాడండీ. ఉన్నది ఈ ఇల్లొక్కటే, ఇందులో కూడా తల ఎత్తుకోనివ్వకపోతే ఎక్కడికి పోతాడు?"

తరువాత రాజేష్ చేతిలోంచి కప్పు అందుకున్నారు. "కాఫీ బాగుంది. పెట్టింది నువ్వా, సుమా?"

"నేనే ఆంటీ."

"అయితే జాబ్ వచ్చాక కూడా మానకు."

అతను బయటకు వెళ్లి మంచులో ఒక్కడే బోర్డు పీకాడు. సాయం వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. ఫర్నేస్ ఆగకుండా నడవడం మొదలయ్యాక భ్రమరాంబ గారు వెళుతూ ఆ పటం తనకిమ్మన్నారు. "మా గోడకి లోపలి వైపు పెట్టుకుంటాను. అక్కణ్నుంచి మీ గుమ్మాన్ని ఆ వినాయకుడే చూసుకుంటాడు" అన్నారు. వాస్తు మీద ఆమెకు రవ్వంత నమ్మకం లేదని నాకు తెలుసు. రాజేష్ కళ్లు తుడుచుకున్నాడు.

భర్త పోయాక ఆమె దూరాన అల్ఫారెట్టా ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లారు. అక్కడే కన్నుమూశారు. రాజేష్‌కు మళ్లీ ఉద్యోగం దొరికింది. నాతో మర్యాదగానే ఉంటాడు. బయటి వాళ్లు వచ్చినప్పుడు మాత్రం, నేను నోరు తెరవగానే అతని భుజాలు కొద్దిగా బిగుసుకుంటాయి. ఆనాడు నేను చదివిన ప్రతి వాక్యమూ నిజమేనని ఇప్పటికీ అంటాను. అయినా ఆ భుజాలు చూసినప్పుడల్లా చెప్పబోయేది మింగేస్తాను. అన్నిసార్లూ కాదు. కొన్నిసార్లు మాట జారిపోయాకే అతని వైపు చూస్తాను.